బోర్లించిన గరిటె

చెంచా పెదవుల దాకా వెళ్ళి ఆగింది. అక్క నోరు తెరవలేదు. కళ్ళు మాత్రం తెరిచి, చెంచా వైపు కాకుండా తమ్ముడి చొక్కా వైపు చూసింది. కంగారులో పై గుండీ కింది కాజాలో పెట్టుకున్నాడు. చొక్కా ఒక పక్కకి ఎగదన్నుకుని ఉంది.

"గుండీ," అంది.

"ముందు ఇది తాగు."

"చాల్లేరా."

"ఇంకొక్క చెంచా. ఎందుకైనా మంచిది."

అక్క అతని ముఖం చూసి, జాలిపడి నోరు తెరిచింది. జావ లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి, దగ్గుతో పాటు సగం గడ్డం మీదికి వచ్చింది. తువ్వాలు కొసతో తుడిచి, చెంచా మళ్ళీ గిన్నెలో ముంచాడు. డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తులేక కాదు. "అడిగితే పెట్టండి. బలవంతం చేయకండి. ఆ ఒంటికి ఇక తిండితో పని లేదు," అని ఆవిడ గది బయట నిలబెట్టి నెమ్మదిగానే చెప్పింది. 'ఇక' అన్న చోటే అతని చెవులు మూసుకుపోయాయి. తిండితో పని లేని ఒళ్ళు ఎక్కడైనా ఉంటుందా? తినకపోతే నీరసం వస్తుంది, నీరసం వస్తే... అక్కడి నుంచి ముందుకి ఆలోచనను సాగనిచ్చేవాడు కాదు. చెంచా నింపేవాడు.

అతను డిజైనరు. మేడలకీ వంతెనలకీ కాదు. నగరం వదిలిన మురుగునీటిని శుభ్రం చేశాక అడుగున నల్లటి మడ్డి మిగులుతుంది. దాన్ని లారీలకెత్తి ఊరవతల పారబోయడమే చాలామందికి తెలిసిన విద్య. ఆ మడ్డి నుంచి గ్యాసు, గ్యాసు నుంచి కరెంటు తీసే ప్లాంట్లకి డ్రాయింగులు గీయడం అతని ఉద్యోగం. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. గోడ ఇంత మందం చాలంటే ఇంకాస్త కలిపేవాడు. ఒక వాల్వు చాలిన చోట రెండు పెట్టేవాడు. ఎందుకండీ అని అడిగితే "ఎందుకైనా మంచిది" అనేవాడు. ఆఫీసులో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. "ఎందుకైనా మంచిది గారూ" అనే పిలిచేవారు, ముఖం మీదే. అతను పలికేవాడు కూడా.

అక్కకి ఆ పని గురించి ఒకసారి విడమరిచి చెప్పాడు. పెద్ద కడుపు అనుకో అక్కా, అన్నాడు. గాలి చొరబడని ట్యాంకు, ఒంటి వేడి అంత వెచ్చదనం, లోపల మెల్లగా కలుపుతూ ఉండే రెక్క. పాలకి తోడు వేసినట్టు మొదట కాస్త పాత మడ్డి తెచ్చి కలుపుతారు. అందులో కంటికి కనపడని జీవాలు ఉంటాయి. అవి కొత్త మడ్డిని తిని గ్యాసు వదులుతాయి. అక్క అంతా విని, "మొదట్లో వండిపెట్టేదాన్ని నేను, చివర్లో ఎత్తుకునేవాడివి నువ్వు. ఊరి కడుపు మన ఇద్దరి మధ్యే ఉందన్నమాట," అని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. అప్పుడు ఆవిడ నవ్వగలిగేది.

బల్ల మీద ఫోను మోగింది. ప్లాంటు ఆపరేటరు.

"సార్, తమరొకసారి రావాలి. మన గుడ్డు అలిగింది."

ట్యాంకు గుడ్డు ఆకారంలో ఉంటుంది. నగరం నడిబొడ్డున జాగా లేక, వెడల్పు తగ్గించి ఎత్తు పెంచి గీసిన ఆకారం అది. ఆపరేటరు దాని గురించి ఇంట్లో పెళ్ళాం గురించి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

"గ్యాసు తగ్గిందా?"

"తగ్గడమా? సగానికి సగం పడిపోయింది. మేడమ్ వచ్చి కూర్చున్నారు. రేపటి సంగతి తెలుసు కదా సార్."

తెలుసు. ప్లాంటు నడిపే మేడమ్ పిలుపు మీద రేపు నగర పెద్దలంతా వచ్చి, ఆ గ్యాసుతో ఇంజను తిరగడం చూడాలి. అది నచ్చితే ఇలాంటి ప్లాంట్లు ఇంకొన్ని కట్టిస్తారు. ఇన్నేళ్ళలో అతని డ్రాయింగులు అలమరల్లోనే ముసలివయ్యాయి గానీ, అతని చేత్తో గీసింది గీసినట్టు లేచి నిలబడ్డ ట్యాంకు ఇదొక్కటే. 

పక్కింటి పిన్ని వచ్చి మంచం పక్కన కుర్చీలో సర్దుకుంది. "గంటకోసారి రెండు చెంచాలు పట్టండి పిన్నిగారూ. వద్దన్నా పట్టండి."

"నేను చూసుకుంటాలే బాబూ. నువ్వు ముందు ఆ గుండీ సరిచేసుకో."

అతను అలాగే అని, సరిచేసుకోకుండానే బయలుదేరాడు. గుమ్మం దాటాక స్టవ్ కట్టేశానా లేదా అని ఒకసారి, కట్టేసినట్టు సరిగ్గా చూశానా లేదా అని ఇంకోసారి వెనక్కి వచ్చాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు. ఈ వారం మొదట్లో గ్యాసు కాస్త తగ్గిందని ఆపరేటరు చెబితే, ఇలాగే బస్సులో కూర్చుని, ఇదే ఫోన్‌లో, "ఆకలేమో, మడ్డి ఇంకాస్త ఎక్కువ పంపించండి. ఎందుకైనా మంచిది," అన్నాడు. ఆ మాట ఇప్పుడు తనకే అడ్డం తిరిగింది. ఆకలేనా? ఆకలి కాకపోతే?

తగ్గిందనగానే పెట్టడం తప్ప అతనికి ఇంకోటి తోచదు. ఆ పెట్టే చేయి అక్క నుంచి వచ్చింది. అమ్మ పోయినప్పుడు అతనికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. అక్క ఒక విద్యార్థుల హాస్టల్లో వంటకి చేరింది. తమ్ముణ్ణి వంటింటి గట్టు మీద కూర్చోబెట్టుకుని, ముద్ద ముద్దకీ ఒక తరగతి పేరు పెట్టేది. ఇది ఒకటో తరగతి, ఇది రెండో తరగతి. మధ్యలో ఆపావా, బడి మానేసినట్టే. చదువు ఆగిపోతుందన్న భయంతో అతను కక్కొచ్చినా కాలేజీ దాకా తినేవాడు. పాసయ్యాడు కూడా. భయం మాత్రం పాసవలేదు, అతనితోనే ఉండిపోయింది. పెళ్ళి మాట వస్తే, వాడికి వండేదెవరని అక్క వద్దంది. అక్క ఒక్కతే అయిపోతుందని అతను వద్దన్నాడు. ఒకరి కోసం ఒకరు ఆగి, ఇద్దరూ ఆగిపోయారు.

పని మానేసిన రోజు హాస్టలు వాళ్ళు ఏం కావాలో కోరుకొమ్మంటే, అక్క తన మూరెడు కాడ గరిటె తెచ్చుకుంది. ఆ గరిటెకి ఒక చట్టం ఉండేది. చివరి మనిషి తిని లేచాక, అక్క గిన్నె మీద మూత పెట్టి, దాని మీద గరిటె బోర్లించేది. టంగుమని మోగేది. ఆ తర్వాత దేవుడొచ్చి అడిగినా ముద్ద పుట్టదు. వార్డెనే ఒకసారి ఆలస్యంగా వచ్చి, ఆ మోత విని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడట. ఇంట్లో కూడా అదే చట్టం. తమ్ముడు తినకుండా ఆ గరిటె ఏనాడూ బోర్లా పడలేదు.

ప్లాంటు బస్సు డిపో గోడకీ, వరసగా ఉన్న ఫ్లాట్లకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఫ్లాట్ల బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. కట్టేటప్పుడు ఆ బాల్కనీల వాళ్ళు ముక్కులు మూసుకుని ధర్నా చేశారు. వాసన చుక్క కూడా బయటికి రాదని అతను మాటిచ్చి, మూత మీద ఇంకో మూత గీశాడు. గేటు దగ్గర మడ్డి ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. గుడ్డు ఎండకి తళతళమంటోంది. చూడ్డానికి దానికేం రోగం లేదు.

ఆపరేటరు అతని చొక్కా చూసి ఏదో అనబోయి, ముఖం చూసి మానుకున్నాడు. ఇద్దరూ ట్యాంకు కింద నమూనా తీసే కుళాయి దగ్గరికి వెళ్ళారు. అతను గాజు గ్లాసు పట్టి తిప్పాడు. నల్లటి మడ్డి గుడగుడమంటూ దిగింది. బాగున్న ట్యాంకు మడ్డి తడిమట్టి వాసన వేస్తుంది, తారు వాసన కాస్త కలిసి. ఇది అలా లేదు. విరిగిన పాల వాసన కొట్టింది. ముక్కు పుటాలు అదిరాయి. పులుపు కొలిచే మీటరు ముంచి చూడనక్కర్లేదు గానీ, చూశాడు. పులిసింది. ఆ జీవాలు తినగలిగినదానికంటే ఎక్కువ పెట్టారు. అరగక లోపల పులుపు పేరుకుంది, ఆ పులుపుకి అవే చస్తున్నాయి. చస్తుంటే గ్యాసు తగ్గింది. గ్యాసు తగ్గిందని అతను ఇంకాస్త పెట్టించాడు.

 మెట్ల మొదట్లో కూర్చున్నాడు. ఆ మెట్లకి రెండు వైపులా చేపట్టు కమ్మీలు ఉన్నాయి. ఇప్పుడు దేన్ని పట్టుకోవాలో తెలియలేదు.

"ఎన్నాళ్ళ బట్టి ఈ పని చేస్తున్నాను నేను," అన్నాడు.

"నాకన్నా ముందు నుంచే సార్," అన్నాడు ఆపరేటరు. ఆ మాటలో వెటకారం లేదు.

మేడమ్ ఆఫీసు గదిలో నిలబడే ఉంది. చెడ్డ మనిషి కాదు. పదిమంది జీతాలు ఆవిడ నెత్తి మీద ఉన్నాయి.

"చెప్పండి. ట్యాంకర్లు నిలబడ్డాయి. ఎంత పంపమంటారు?"

"పంపొద్దు మేడమ్."

"గ్యాసు పడిపోతుంటే తిండి ఆపమంటారేంటండీ?"

"ఆకలి కాదు మేడమ్, అజీర్తి. లంఖణమే మందు. పులుపు విరగడానికి సోడా పొడి కాస్త కలిపి, వెచ్చగా ఉంచి, మెల్లగా తిప్పుతూ ఊరికే ఉండాలి."

"మొన్న పెంచమన్నది మీరే కదా?"

"నేనే. తప్పు చేశాను."

ఆవిడ కిటికీలోంచి ట్యాంకర్ల వైపు చూసింది. తర్వాత, "రేపు వాళ్ళకి ఏం చూపించను? ఊరికే ఉన్న ట్యాంకునా? ఇవాళ గట్టిగా పెడితే రేపు పొద్దుటికి ఎంతో కొంత రాదా?" అంది.

"వస్తుందేమో మేడమ్. ఎల్లుండికి చచ్చిపోతుంది. అప్పుడు మొత్తం బయటికి తోడాలి. ఆ బాల్కనీల వాళ్ళు మనల్ని బతకనిస్తారా?"

"మీకు అన్నిటికీ భయమేనండీ. రంగు వేసేటప్పుడూ భయమే, బోల్టు బిగించేటప్పుడూ భయమే. ఏ భయాన్ని నమ్మాలో మాకెలా తెలుస్తుంది?"

 ఆ మాట నిజం. నిజం కాబట్టే గుచ్చుకుంది. ఆవిడ గొంతు తగ్గించింది. "సాయంత్రం షిఫ్టు వాళ్ళకి చెప్తాను. సగం పంపిస్తారు. మీరు ఇంటికెళ్ళి అక్కగారిని చూసుకోండి."

తిట్టినా బాగుండేది.

సోడా బస్తాలు ఆపరేటరుతో కలిసి తనే మోశాడు. నీళ్ళలో కలిపి పంపుకి ఎక్కిస్తుంటే పిన్ని ఫోను చేసింది.

"తల తిప్పేసుకుంటోంది బాబూ. పళ్ళు బిగపట్టేసింది."

"కాస్త పంచదార కలిపి చూడండి. ముక్కు పట్టుకుంటే నోరు తెరుస్తుంది పిన్నిగారూ. ఏదో ఒకటి చేసి పట్టండి."

మేడమ్‌తో వద్దని వాదించిన నోరే అది. ఫోను జేబులో పెట్టుకుని ఇంకో బస్తా విప్పాడు. 

మడ్డి ట్యాంకులోకి వెళ్ళే గొట్టం మీద ఒక వాల్వు ఉంది. దానికి ఇనుప చక్రం. ఆ చక్రం ఊడదీయడానికి వీలుండాలని డ్రాయింగులో రాసింది అతనే. దేనికండీ, ఎవరైనా ఎత్తుకుపోవడానికా అని అప్పట్లో ఆఫీసంతా నవ్వింది. సాయంత్రం షిఫ్టు మారే ముందు వాల్వు గట్టిగా మూసి, నట్టు విప్పి, చక్రం తీసి తన సంచిలో పెట్టుకున్నాడు.  పుట్టి బుద్ధెరిగాక ఒకరి మాట కాదనడం ఇదే మొదలు.

ఆపరేటరు చూస్తూ నిలబడ్డాడు. "రెంచితో తిప్పినా తిరుగుతుంది సార్ అది."

"రెంచి ఎక్కడుంది?"

ఆపరేటరు రెంచిని తన టిఫిను సంచిలో పడేసుకుని తల గోక్కున్నాడు. "ఇక్కడే ఉండాలి సార్. కాళ్ళొచ్చినట్టున్నాయి."

బస్సులో ఉండగా మేడమ్ ఫోను చేసింది. "చక్రం మీ దగ్గరుందట."

"ఉంది మేడమ్."

 "వాళ్ళని రేపు రావద్దన్నాను. ట్యాంకు బతక్కపోతే మాత్రం అందరికీ మీ పేరే చెప్తాను."

"చెప్పండి మేడమ్," అన్నాడు. ఏ పేరు చెప్తారని అడగబోయి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దుటి నుంచి చుక్క దిగలేదు. నా వల్ల కాలేదు బాబూ," అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయింది. అతను చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి, జావ వెచ్చబెట్టి, గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. సంచి నేల మీద పెడితే ధన్‌మంది. అక్క కళ్ళు తెరిచింది.

"ఏమిట్రా అది?"

చక్రం తీసి చూపించాడు. మాటలు వాటంతటవే వచ్చేశాయి. ట్యాంకుకి అజీర్తి చేసింది అక్కా. నేనే ఎక్కువ పెట్టించాను. ఇంకెవ్వరూ బలవంతంగా పెట్టకుండా ఇది పీక్కొచ్చేశాను.

అక్క ఆ చక్రాన్నీ, అతని రెండో చేతిలో జావ గిన్నెనీ చూసింది. పెదవి ఒక పక్కకి కదిలింది.

"నాకూ ఒకటి ఉంటే బాగుండు," అంది. "ఊడదీసి దాచేసేదాన్ని."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగి ఏడుపైంది. గిన్నె కింద పెట్టి, మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క చేయి లేవలేదు గానీ, వేళ్ళు దుప్పటి మీద అతని వైపు కాస్త జరిగాయి.

"నువ్వు తిన్నావా?"

"లేదు."

"తిను. ఇక్కడే తిను. తిన్నాక గరిటె బోర్లించు."

ఆ మాట అర్థం కాకపోయుంటే బాగుండునని అతనికి అనిపించింది. అర్థమైంది. వంటింట్లో మిగిలిన జావంతా గిన్నెలోకి వంచుకుని వచ్చి, అక్క కాళ్ళ మీదికి దుప్పటి లాగి, పక్కనే కూర్చున్నాడు. చెంచా తన నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. ఇన్నాళ్ళూ ఈ చప్పిడి జావనే అక్క నోట్లో పోస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆవిడ ఒక్కనాడూ అనలేదు.

జేబులో ఫోను మోగింది. ఆపరేటరు. "పులుపు నిలబడింది సార్. తగ్గలేదు గానీ పెరగడం ఆగింది."

"బతుకుతుందా?" అంది అక్క.

"తెలియదక్కా. ఊరికే ఉండి చూడాలి."

"చూడు మరి."

అతను ఇంకో చెంచా మింగాడు. అక్క అతని గొంతు కదలడమే చూస్తోంది, గట్టు మీద కూర్చోబెట్టి చూసినట్టే. "ఇదెన్నో తరగతిరా?" అంది, వినపడీ వినపడకుండా.

"చదువులన్నీ అయిపోయాయక్కా. ఇది రిటైర్మెంటు ముద్ద."

ఆవిడ ముఖంలో నవ్వు పైకి రాలేదు. లోపలెక్కడో వచ్చింది. అతనికి తెలిసింది.

గిన్నె ఖాళీ చేసి వంటింట్లోకి వెళ్ళాడు. జావ వండిన గిన్నె కడిగి, తుడిచి, మూత పెట్టాడు. గరిటె కడిగి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడిపోయాడు. రేపు పొద్దున ఒకవేళ అక్క అడిగితే? ఎందుకైనా మంచిది, వెల్లకిలానే ఉంచితే? కానీ గది నుంచి అక్క చెవొగ్గి వింటోందని అతనికి తెలుసు. గరిటెని మూత మీద బోర్లించాడు. టంగుమంది.

తిరిగి వచ్చేసరికి అక్క కళ్ళు వంటింటి వైపే ఉన్నాయి. పిలిచాడు. ఆ కళ్ళు కదల్లేదు. రెండోసారి పిలవలేదు. వేళ్ళు పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉన్నాయి.  తర్వాత కిందికి చూసుకుని, చొక్కా గుండీలన్నీ ఒక్కొక్కటే విప్పి, సరైన కాజాల్లో మళ్ళీ పెట్టుకున్నాడు. అక్క ఇవాళ చెప్పిన పనుల్లో మిగిలింది అదొక్కటే.

వంటింట్లో దీపం వెలుగుతూనే ఉంది. గట్టు మీద, మూత పెట్టిన గిన్నె మీద, మూరెడు కాడ గరిటె బోర్లా ఉంది, అంచున తడి ఇంకా ఆరలేదు.